పన్నెండో పేజీ

“కాపీ తియ్యమన్నాను. చదవమనలేదు.”

జిరాక్స్ షాపు అబ్బాయి ఉలిక్కిపడి చేతిలో కాగితాన్ని మిషను మీద బోర్లా పడేశాడు. ఇంకా మొదటి వాక్యం కూడా దాటలేదు పాపం.

“చదవలేదండీ. కాగితం తిన్నగా ఉందో లేదో చూస్తున్నాను.”

“తిన్నగా ఉందో లేదో చూడ్డానికి పెదాలు కదపాలా?”

కౌంటరుకి ఇవతల నిలబడ్డది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అమ్మాయి. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడ్డమే పని కాబట్టి, ఎవరి చూపు ఏ వరస మీద నడుస్తోందో ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. సాయంకాలం కాలేజీలో అందరూ ఆమెని కళ్ళజోళ్ళమ్మాయి అంటారు. ఆమెకి మాత్రం కళ్ళజోడు లేదు. ఇతనిదీ అదే క్లాసు, ఆఖరి బెంచీ. ఇతన్ని జిరాక్సబ్బాయి అంటారు. క్లాసు మొదలైన వారానికి వచ్చి చేరాడు. ఎందుకు చేరాడో ఎవరూ అడగలేదు.

“మీరూ మా క్లాసేగా? మేడమ్ రూలు మీకు వర్తించదా?”

“వర్తిస్తుందండీ. అందుకే...” అంటూ అతను మొహం గోడకి తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ కాగితం పెట్టి, మూతేసి, మీట నొక్కాడు. వచ్చిన కాపీలు మూడూ మూడు వంకర్లు పోయాయి. ఒకదాంట్లో అతని బొటనవేలు కూడా పడింది.

“ఇదేంటి?”

“నా వేలండీ.”

“వేలని తెలుస్తోంది. నా వ్యాసంలో దానికేం పని?”

నవ్వు ఆపుకోడానికి ఆమె కౌంటరు మీదికి వంగి, రెండు మోచేతులూ గాజు మీద ఆనించింది. పొద్దుణ్ణించి నిలబడిన కాళ్ళు. ఎక్కడ ఆనుకునేది దొరికితే అక్కడ వాలిపోతాయి. ఆ గాజు కింద పాత కార్డులూ, ఎవరో మర్చిపోయిన ఫొటోలూ, ఆమెకి తలకిందులుగా కనిపించే అచ్చు కాగితం ఒకటీ ఉన్నాయి. అవేవీ ఆమె చూడలేదు.

మేడమ్ రూలు గురించి చెప్పాలి. ఆవిడ ఒక కథ ఇచ్చి దాని మీద వ్యాసం రాయమంటారు. రాసింది తను దిద్దరు. పేరు వెయ్యకుండా, డబ్బాలోంచి చీటీ తీసి వచ్చిన నంబరు వేసి, ఒక కాపీ ఇవ్వాలి. అది క్లాసులోనే ఇంకొకరి చేతికి వెళ్తుంది. వాళ్ళు చదివి మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయాలి. అయితే రాసేదంతా ప్రశ్నలే. బాగుంది అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. అడగొచ్చు, అంతే. ఆ ప్రశ్నలకి జవాబు నోటితో చెప్పకూడదు, వ్యాసం తిరగరాసి చెప్పాలి. ఇలా రెండుసార్లు. మూడోసారి రాసింది అందరి ముందూ నిలబడి చదవాలి. పెన్సిల్ ఎవరిదో అప్పుడు తెలుస్తుంది. అప్పుడే పరీక్ష ఫారం మీద మేడమ్ సంతకం.

“తప్పులు రాయండి, తిరగరాద్దాం,” అన్నారావిడ మొదటిరోజే. “కథ పూర్తిగా చదవకుండా రాసినవాళ్ళు మాత్రం వచ్చే ఏడు రండి.”

ఆ మాటకి కళ్ళజోళ్ళమ్మాయి గుండె కలుక్కుమంది. కారణం ఉంది. పదో తరగతిలో మాస్టారు ఆమె జవాబు పైకి చదివి, “సగం పాఠం చదివి పూర్తి జవాబు రాసిన మహా పండితురాలు ఈవిడే!” అన్నాడు. క్లాసంతా బల్లలు చరిచి నవ్వారు. నిజానికి ఆ పుస్తకం ఎవరో వాడి ఇచ్చినది, వెనక అట్టతో పాటు నాలుగు కాగితాలు లేవు. ఆ మాట చెప్పే లోపలే గంట కొట్టేశారు. ఆ ఏడే నాన్న మంచం పట్టాడు, ఆమె చదువు మానేసి కళ్ళజోళ్ళ షాపులో చేరింది. మళ్ళీ పుస్తకం పట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. సాయంత్రం ఐదింటికే వెళ్ళనివ్వడానికి షాపు యజమాని ఈ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నాడు. వచ్చే ఏడు రమ్మంటే, ఇక రాకపోవడమే.

అందుకే ఆ కథని ఆమె ఏడుసార్లు చదివింది.

చిన్న కథ. ఒక పోస్టాఫీసు నడిపే ఆవిడ, పోస్టమ్మ, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి కోసం రోజూ సాయంత్రం వాకిట్లో ఒక కుర్చీ తుడిచి పెడుతుంది. ఆయన సంగతి వచ్చేపోయే వాళ్ళందరినీ అడుగుతూనే ఉంటుంది. ఏళ్ళు గడుస్తాయి. చివరికి ఒకరోజు కుర్చీ బయట పెడుతుంది కానీ తుడవదు. తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. అయిపోయింది. ఏడోసారి చదివినప్పుడు కళ్ళజోళ్ళమ్మాయికి ఒళ్ళు ఝల్లుమంది. పోస్టమ్మ ఎదురుచూడ్డం మానేసింది! ఇక ఆ కుర్చీ ఆయనది కాదు, కాళ్ళు నొప్పులున్న ఎవరిదైనా. ఆ సంగతే నాలుగు పేజీలు రాసి, పదిహేడో నంబరు వేసి ఇచ్చేసింది.

వారం తరవాత కాపీ తిరిగొచ్చింది. మార్జిన్ నిండా సన్నటి పెన్సిల్.

‘తుడవకపోవడం కోపమా, మరుపా?’

ఆ ప్రశ్న రెండ్రోజులు ఆమె వెంట తిరిగింది. “ఏ అక్షరం కనిపిస్తోందండీ?” అని ఒక పెద్దాయన్ని అడిగి, జవాబు వినడం మర్చిపోయి, మళ్ళీ అడిగింది. ఈ పెన్సిల్ ఎవరిదో? ముందు బెంచీ టీచరమ్మదా? బస్సు కండక్టరుదా? క్లాసులో ఒక్కొక్కరి చెవుల వెనకా, జేబుల్లోనూ పెన్సిళ్ళు వెతికింది. ‘కుర్చీ బరువెంత ఉంటుంది?’ అని ఇంకో ప్రశ్న. అలాంటిది ఎవరడుగుతారు? ఎవరో గమ్మత్తు మనిషే!

చివరి పేజీలో ఆఖరి ప్రశ్న దగ్గర మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

‘ఆయన వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాక కూడా ఈ మాటే అంటారా?’

*

“ఈసారి గోడకేసి చూడక్కర్లేదు, చదవండి,” అంటూ ఆ పేజీ కౌంటరు మీద కొట్టింది. “కథ చదవకుండా నా వ్యాసం మీద పెన్సిల్ పెట్టాడీ మహానుభావుడు. ఆయన వచ్చాడట! కూర్చున్నాడట! ఎప్పుడొచ్చాడు? ఈయనగారి కలలోకా?”

జిరాక్సబ్బాయి ఆ పెన్సిల్ రాత చూశాడు. తేలు కుట్టిన దొంగలా బిక్కచచ్చిపోయాడు.

“ఇది... మీ వ్యాసమాండీ?”

“కాక మా మేనల్లుడిదా? వాడికి పదినెలలు. అయినా మీరెందుకలా మొహం పెట్టారు?”

“మీ దగ్గరున్న కథ... ఎన్ని పేజీలండీ?”

“పదకొండు. అందరికీ అంతేగా, ఇక్కడేగా తీసిచ్చారు.”

అతని చూపు ఆమె మోచేతి మీదికి, అక్కడినుంచి గాజు మీదికి జారింది. ఏదో అనబోయాడు. ఈలోపు గొడుగులోంచి నీళ్ళు కారుస్తూ ఒకాయన ఫైలు పట్టుకుని దూరిపోయి, “బాబూ, ఇవన్నీ రెండేసి, గబగబా!” అన్నాడు. జిరాక్సబ్బాయి అటు తిరిగి ఏదో తీశాడు, మడిచాడు, ఆమె కాపీలతో కలిపి కవర్లో పెట్టి చేతికిచ్చాడు.

“ఇంటికెళ్ళాక చూడండి. ఇక్కడ... వద్దు.”

‘ఇదేం చోద్యం!’ అనుకుంటూ ఆమె వానలోకి దిగింది.

*

ఇంట్లో వదిన బాబుని చంకనేసుకుని గది ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తోంది.

“వచ్చావా అమ్మాయ్! వీడి ఒళ్ళు చూడు, కాస్త వెచ్చగా లేదూ? పొద్దున్న రెండుసార్లు తుమ్మాడు. తుమ్మితే మంచిదేనంటావా? నిద్రలో నవ్వాడు కూడా, అలా నవ్వొచ్చా?”

మేడమ్ రూలు పుట్టకముందు నుంచే ప్రశ్నలతో మాత్రమే మాట్లాడే మనిషి వదిన. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించారు. ఆ సగం తరగతి ఇంకా ఎక్కడో మిగిలిపోయిందన్నట్టు, ఇంట్లోకొచ్చిన ప్రతి కాగితం, మందు సీసా మీద చీటీతో సహా, చదివిగాని వదలదు.

కళ్ళజోళ్ళమ్మాయి కవరు విప్పింది. మడత కాగితం తెరిచింది. పైన మూలగా అంకె: పన్నెండు.

‘వాన మొదలైంది. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు...’

నిలబడే చదివింది. మళ్ళీ చదివింది. పోస్టమ్మ తలుపు తెరుచుకుని పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ వానలో నవ్వారు. కథ సమాప్తం.

కథ పూర్తిగా చదవకుండా వ్యాసం రాసేసింది. మళ్ళీ! తొమ్మిదేళ్ళ తరవాత మళ్ళీ అదే తప్పు. బల్లల చప్పుడు చెవుల్లో మోగింది.

“అయిపోయింది వదినా. ఇక నా చదువు ఇంతే.”

వదిన బాబుని ఆమె చేతుల్లో పడేసి పన్నెండో పేజీ లాక్కుంది. చదువుతుంటే కనుబొమలు పైకి పోయాయి.

“ఇదేంటమ్మా? వచ్చాడు, కూర్చున్నాడు, ఇది పరిగెత్తింది. మరి ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావని అడగదా?”

“వదినా, నా గొడవ అది కాదు...”

“కాదులే. అయినా అడగదా అంట?”

*

మర్నాడు జిరాక్స్ షాపు షట్టరు పూర్తిగా లేవకముందే ఆమె కిందనుంచి వంగి లోపలికొచ్చింది.

“నా పేజీ మీ దగ్గరకెలా వచ్చింది?”

జిరాక్సబ్బాయి సంజాయిషీ రాత్రంతా వల్లించుకున్నట్టున్నాడు. అయినా అంతా మర్చిపోయాడు.

“తప్పు నాదేనండీ. మేడమ్ కథ ముప్ఫై సెట్లు తియ్యమన్నారు. తీస్తుంటే ఆఖరి సెట్టులో చివరి కాగితం మీద కన్నుపడింది. వాన మొదలైంది, ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు... ఎవరాయన? ఎవరి కుర్చీ? కాస్త చదువుదామని పక్కకి తీసి స్టూలు మీద పెట్టాను. ఇంతలో జనం వచ్చారు. మిగతావన్నీ పిన్ను కొట్టేసి పంపించేశాను. సాయంత్రం చూస్తే ఈ పేజీ నా దగ్గరుండిపోయింది.”

“పోతే వెతికి ఇవ్వొద్దూ?”

“ఎవరిదని వెతకనండీ? గాజు కింద పెట్టాను, ఎవరో ఒకరు గుర్తుపడతారని. మీరు నెల్లాళ్ళనుంచి దాని మీదే మోచెయ్యి పెట్టుకుని నిలబడుతున్నారు. లోకానికంతా కళ్ళజోళ్ళిచ్చే మీకు...”

“చాలించండి!”

“చాలించాను.” షట్టరు తాళం కౌంటరు మీద పెట్టి అన్నాడు. “వారం రోజులు నా దగ్గర కథ లేదండీ, ఆ పేజీ ఒక్కటే. రోజూ చదివేవాణ్ణి. వచ్చినవాడెవడు, అన్నాళ్ళు ఎక్కడున్నాడు, ఆవిడ ఎందుకలా పరిగెత్తింది. ఆగలేక వెళ్ళి క్లాసులో చేరాను. చేరినరోజే లేచి అడిగాను కూడా, ఎవరికైనా ఒక పేజీ తక్కువైందా అని. ఎవరూ మాట్లాడలేదు.”

ఆరోజు ఒక ముసలాయనకి ఫ్రేమ్ బిగిస్తూ ఆమె క్లాసుకి అరగంట ఆలస్యంగా వెళ్ళింది. గుర్తొచ్చింది.

కోపం ఎక్కడో జావకారిపోతోంది. దాన్ని పోనివ్వకూడదని గట్టిగా పట్టుకుంది. “మీకు చదవాలనిపించిందని నా ఏడాది గంగలో కలిసింది. మేడమ్ ఏమన్నారో విన్నారుగా?”

“నేను చెప్తానండీ మేడమ్‌కి. తప్పు షాపుదని...”

“చెప్పొద్దు.” మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది. “నోరు విప్పారంటే ఊరుకోను. ఎలాగోలా నేనే సరిచేసుకుంటాను.”

*

సరిచేసుకుంది. అంటే, నాశనం చేసింది. పోస్టమ్మది గొప్ప నిరీక్షణ, చివరికి ఫలించింది, ఓపికకి తగ్గ ప్రతిఫలం అని పన్నెండో పేజీకి సరిపోయేలా అన్నీ మార్చి రెండోసారి రాసి ఇచ్చింది. కుర్చీ గురించి ఒక్క ముక్కే మిగిలింది. రాస్తున్నంతసేపూ ఎవరి చెప్పుల్లోనో కాళ్ళు పెట్టినట్టుంది.

వారానికి తిరిగొచ్చిన కాపీలో రెండే ప్రశ్నలు.

‘మొదటిసారి రాసిన ఆవిడ ఎక్కడికి వెళ్ళారు?’

దాని కింద, కాస్త వెలిసిన గీతల్లో, రాయాలా మానాలా అని తటపటాయించి రాసినట్టు:

‘కుర్చీ గురించి అంత తెలియాలంటే రోజూ ఎంతసేపు నిలబడాలి?’

మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. ఆమె ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పొద్దున్న తొమ్మిది నుంచి ఐదు వరకూ. ఈ షాపులో కుర్చీలు కళ్ళు చూపించుకునేవాళ్ళకే. తొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు ఆ మాట. అన్నయ్య అడగలేదు. అమ్మా అడగలేదు. తనే ఎప్పుడూ అనుకోలేదు. మరి ఈ పెన్సిల్‌కెలా తెలిసింది, తను నిలబడతానని?

పెన్సిల్ గీత మీదుగా మార్జిన్‌లో ఒక నల్లటి మరక. ఎందుకో చేతిలో ఉన్న భూతద్దం దానిమీద పెట్టింది. పెన్సిల్ మసి అయితే వెలుతురులో మెరుస్తుంది. ఇది మెరవలేదు. మెత్తటి నల్ల పొడి, సన్నసన్నటి వలయాలు. బొటనవేలు.

ఆ వేలు తనకి తెలుసు! వంకర కాపీలో ఆ వేలు ఇంకా ఇంట్లోనే ఉంది, వదిన పారెయ్యకుండా దాచింది.

“ఆహా!” అంది పైకే. లోపలికొస్తున్న పెద్దావిడ బెదిరిపోయి, “ఏమ్మా, నా కన్ను అంత పాడైందా?” అంది.

*

ఆ సాయంత్రం వాన. జిరాక్సబ్బాయి ఒక్కడే ఉన్నాడు. ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి, తీరిగ్గా మొదలుపెట్టింది.

“పదిహేడో నంబరు ఎవరికి వచ్చిందో మీకేమైనా తెలుసా?”

“నాకా? నాకెలా తెలుస్తుందండీ?”

“మరి ఆ కాగితం మీద మిషను పొడి ఎందుకుంది?”

“క్లాసులో అందరి కాపీలూ ఇక్కడేగా...”

“పెన్సిల్ గీత మీద పడింది పొడి. గీత ముందా, వేలు ముందా?”

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అతను బొటనవేలు లాగుకి తుడుచుకున్నాడు. లాభం లేకపోయింది.

“ఎప్పుడు తెలిసింది మీకు, అది నా వ్యాసమని?”

“మీరు పేజీ కౌంటరు మీద కొట్టిన రోజు. అంతకుముందు తెలీదండీ, ఒట్టు. ఎవరో... కుర్చీని కుర్చీలాగే చూసిన మనిషి అనుకున్నాను. నేను ఆ చివరి పేజీ అన్నిసార్లు చదివి కూడా కుర్చీని చూడలేదు. ఆయన కోసమే చూశాను. మీ వ్యాసం చదివాక పన్నెండో పేజీ మళ్ళీ చదివితే చప్పగా ఉంది.” అతను తల దించుకున్నాడు. “ఇలా చెప్పడం రూలుకి విరుద్ధం. బాగుంది అనకూడదుగా.”

“అనలేదుగా. చప్పగా ఉందన్నారు. అదీ ఆ కథ రాసినాయన్ని.”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వాన జోరు పెరిగింది. ఆమెకి గొడుగుంది. తియ్యలేదు.

“మరి నేనేం రాయను? పన్నెండో పేజీ లేనట్టు రాయనా? చూసీ చూడనట్టు ఊరుకోనా? పదకొండే చదివానని నిజం చెప్తే మేడమ్ సంతకం పెడతారా?”

జిరాక్సబ్బాయి చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు. ఇన్నాళ్ళూ అది జుట్టు చాటునే ఉంది! ఆమె చేతి కిందున్న కాగితాన్ని తనవైపు తిప్పుకుని రాశాడు.

‘పదకొండో పేజీలో తలుపు వేసుకున్నావిడా, పన్నెండో పేజీలో పరిగెత్తినావిడా ఒకరేనా?’

ఆమె ఆ ప్రశ్న చూసింది. అతన్ని చూసింది. తరవాత గొడుగు కూడా తియ్యకుండా వానలోకి పరిగెత్తింది, రాసుకోడానికి.

*

చదివే రోజు రానే వచ్చింది. గోడ గడియారం తప్ప ఏదీ కదలడం లేదు. కళ్ళజోళ్ళమ్మాయి లేచింది. కాగితాలు సర్దుకుంది. ఆఖరి బెంచీలో జిరాక్సబ్బాయి అప్పుడే సగం లేచి, “మేడమ్, ముందుగా ఒక మాట...” అన్నాడు.

“కూర్చోండి,” అందామె. గొంతు అంత గట్టిగా వస్తుందని తనకే తెలీదు. “నేను చెప్తాను.”

అతను కూర్చున్నాడు.

“నేను ఈ కథ పూర్తిగా చదవకుండా వ్యాసం రాశాను,” అని చదివింది. అదే మొదటి వాక్యం.

ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. అయినా ఆగలేదు.

“నా కథకి పదకొండు పేజీలే ఉన్నాయి. ఆ కథలో ఒకావిడ ఎదురుచూడ్డం మానేసి, కుర్చీని మాత్రం బయటే వదిలింది. తొమ్మిదేళ్ళుగా నిలబడి పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు కుర్చీ కనిపించింది. తరవాత నాకు పన్నెండో పేజీ దొరికింది. అందులో ఆయన వచ్చాడు, ఆవిడ పరిగెత్తింది. మా వదిన ఆ పేజీ చదివి, ఇన్నేళ్ళూ ఎక్కడున్నావని ఆవిడ అడగదా అంది. అడగలేదు. పదకొండు పేజీలు ప్రశ్నలడిగిన మనిషి పన్నెండో పేజీలో ఒక్కటీ అడగలేదు. అందుకని ఆ ఇద్దరూ ఒకరు కారని నేననుకుంటున్నాను...”

చదవడం అయ్యేసరికి గదిలో ఎవరూ నవ్వడం లేదు. మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఆ ఫ్రేమ్ కాస్త వదులైందని అంత భయంలోనూ ఆమె కంటపడింది.

“పెన్సిల్ ఎవరిది?”

జిరాక్సబ్బాయి లేచి నిలబడ్డాడు. “నాదేనండీ. ఆ పేజీ పోగొట్టింది కూడా నేనే.”

“పోగొట్టింది నువ్వే, అడిగిందీ నువ్వేనా?” మేడమ్ అతన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశారు. తరవాత ఆమెవైపు తిరిగి, తన రూలు తనే పాటిస్తూ అడిగారు. “పన్నెండో పేజీ నీకు నచ్చిందా?”

“లేదండీ.”

క్లాసు గొల్లుమంది. బల్లలు కూడా చరిచారు. అదే చప్పుడు. కానీ ఈసారి అది ఆమె మీద పడలేదు, పక్కన వచ్చి నిలబడింది. ఏమిటీ తేడా అని ఆలోచించేలోపే మేడమ్ చెయ్యి చాచి, “ఫారం ఏది?” అన్నారు.

*

సంతకం ఎండకముందే వరండాలో జిరాక్సబ్బాయి ఎదురొచ్చాడు.

“ఇప్పుడు పెన్సిల్ ఎవరిదో తెలిసిపోయింది కదా. ఇంకా ప్రశ్నలడగొచ్చా?”

“దేని మీద?”

“మీ మీద.”

ఆమె ఫారాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది, అవసరమైనదానికంటే ఎక్కువసేపు. “ఎన్ని?”

“పరీక్షలయ్యేదాకా అడిగినా అవ్వవండీ. ఆ తరవాత కూడా.”

“నేను జవాబులు త్వరగా చెప్పను. తిరగరాస్తాను.”

“రాయండి. నాకు వెయ్యి కాపీలైనా విసుగు రాదు.”

“వంకరగా తీస్తారుగా!”

“ఇక గోడకేసి చూడనుగా.”

మర్నాడు ఐదింటికి ఆమె వచ్చేసరికి కౌంటరు ఇవతల ఒక కుర్చీ ఉంది. పాత చెక్క కుర్చీ. తుడిచి ఉంది. ఒక కాలు పొట్టిదైతే, ఊగకుండా దానికింద కాగితం మడిచి పెట్టాడు. ఆమె వంగి చూసింది. మడతలోంచి అంకె కనిపిస్తోంది: పన్నెండు.

“ఇప్పటికి పనికొచ్చిందండీ, నా సెట్టులో ఆ పేజీ,” అన్నాడతను.

ఆమె నవ్వి కూర్చోబోతుంటే, వెనకనుంచి, “జరుగమ్మా, జరుగు!” అంటూ వదిన వచ్చి, బాబుతో సహా కుర్చీలో కూలబడింది. “అబ్బ, కాళ్ళు పీకేస్తున్నాయి. వీడి టీకాల కార్డు కాపీ కావాలి. పోతే ఎలాగని భయం. మూడు తియ్యి బాబూ. మూడు చాలంటావా?”

కళ్ళజోళ్ళమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది. కాళ్ళు నొప్పులున్న ఎవరిదైనా అని రాసింది తనే కదా! రాసిన దాని మీద నిలబడక తప్పలేదు. నిలబడింది.

జిరాక్సబ్బాయి కార్డుని రెండు చేతులతో, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని మిషను మీద పెట్టాడు. వదిన అతన్ని కిందనుంచి పైకి చూసింది. మందు సీసా మీద చీటీ చదివినంత శ్రద్ధగా.

“ఆ వంకర కాపీలో వేలు నీదేనా? చెయ్యి ఎప్పుడూ అలా నల్లగానే ఉంటుందా? సబ్బుతో పోతుందా? వీణ్ణెత్తుకుంటే వీడికి అంటుకోదుగా?”

“కడుక్కునే ఎత్తుకుంటానండీ.”

వదిన బాబు నుదురు తడిమింది. ఎందుకో, వెచ్చగా ఉందా అని ఈసారి ఎవరినీ అడగలేదు. అతను చేతులు కడుక్కొచ్చాక వాణ్ణి కౌంటరు మీదుగా అతని చేతికందించింది. వాడు అందిన పెన్సిల్ లాక్కుని నోట్లో పెట్టుకోబోయాడు. ముగ్గురూ ఒకేసారి “వద్దొద్దు!” అన్నారు.

“అది సరే గానీ,” అంది వదిన, కుర్చీలో వెనక్కి వాలి, అమ్మాయినీ అబ్బాయినీ చెరో కంటితో చూస్తూ. “ఒక్క కుర్చీయేనా బాబూ? రెండోది ఎప్పుడు తెస్తావు?”

అతను జవాబు చెప్పబోయాడు. కళ్ళజోళ్ళమ్మాయి చప్పున వేలెత్తి ఆపింది.

“నోటితో చెప్పకూడదు. రూలు.”

మర్నాడు సాయంత్రానికి కౌంటరు ముందు రెండు కుర్చీలున్నాయి.